రోజుకి ఆరుసార్లు తింటేనే కండ పడుతుందా? షిఫ్టుల్లో తిరిగే కుర్రాళ్ల కోసం అపోహలు - వాస్తవాలు

విశాఖలో గాజువాక వైపు జిమ్ములకి కొత్తగా వచ్చేవాళ్లలో స్టీల్ ప్లాంటు, పరవాడ, అచ్యుతాపురం కంపెనీల కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లకి ఏం తినాలో చెప్పడం నా పని. బరువులు ఎలా ఎత్తాలన్నదానికంటే ఎన్నిసార్లు తినాలన్నదే వాళ్లకి పెద్ద బెంగ. "రోజుకి ఆరుసార్లు తినమంతన్నారు గదన్నా, డ్యూటీలో ఎలా తింతాం?" అని అడుగుతారు. తినక్కర్లేదు తమ్ముడూ.

అపోహ: ఆరుసార్లు తినకపోతే కండ పట్టదు

ఆరు అంకెలో మహిమేమీ లేదు. పోటీలకి దిగే బాడీబిల్డర్లలో కొందరు రోజుకి నాలుగైదు వేల కేలరీలు లాగించాలి. అంత తిండి మూడు పూటల్లో కడుపులో పట్టదు కనక వాటాలు వేసుకుంటారు. నిన్నగాక మొన్న డంబెల్ పట్టిన 55 కిలోల కుర్రాడికి ఆ అవసరమే లేదు. మాటిమాటికీ తింటే మెటబాలిజం (ఒళ్లు కేలరీలు ఖర్చు చేసే వేగం) పెరుగుతుందన్నదీ ఉత్తిమాటే. తిన్నది అరిగించుకోడానికి ఒంటికయ్యే ఖర్చు మొత్తం తిండిని బట్టే ఉంటుంది. దాన్ని మూడుసార్లు తిన్నా ఆరుసార్లు తిన్నా పెద్ద తేడా రాదు.

చూసుకోవాల్సింది రోజు మొత్తం లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకి 1.6 గ్రాములు మంచి గురి. అంటే 55 కిలోలవాడికి రోజుకి 88 గ్రాములు.

ఇప్పుడు అతని కంచం చూద్దాం. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, సాంబారు: ఓ 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పప్పు, వేపుడు, పెరుగు: 15. సాయంత్రం టీతో పునుగులు: 3. రాత్రి అన్నంలోకి ఒక్క గుడ్డు వేసిన కూర, మజ్జిగ: 15. అంతా కలిపితే 43. సగం కూడా లేదు! ఈ తిండినే ఆరు ముక్కలు చేసి తిన్నా అది 43 గ్రాములే కదా.

మిగతా 45 ఎక్కణ్ణించి తేవాలి? రెండు ఉడికించిన గుడ్లు 12, గ్లాసుడు పాలు 8, వేయించిన వేరుశనగ గుళ్లు 40 గ్రాములు తింటే 10, ఎండు మీల్ మేకర్ 30 గ్రాములు కూరలో వేస్తే 15. సరిపోయింది. కేలరీలు కూడా వీటితోనే పెరుగుతాయి కాబట్టి వేరే ఏర్పాటు అక్కర్లేదు. నెలకి కిలో అటూఇటూగా బరువు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. మూడు నాలుగు కిలోలు పెరిగితే మాత్రం అందులో ఎక్కువ భాగం కొవ్వే.

అయితే విడతల వల్ల ఒక లాభం ఉంది, కాదనను. బక్కగా ఉన్నవాళ్లలో చాలామంది ఒక్కసారి కంచం నిండా తినలేరు. అలాంటివాళ్లకి మూడు భోజనాలు, మధ్యలో ఒకటో రెండో చిన్న తిండ్లు పెట్టుకుంటే లెక్క తేలిగ్గా పూర్తవుతుంది.

అపోహ: షిఫ్టు డ్యూటీ చేసేవాడికి ఇవన్నీ కుదరవు

గడియారం చూసి తింటే కుదరదు. డ్యూటీ చూసి తింటే కుదురుతుంది. ఫార్మా కంపెనీలో పనిచేసే చోటికి తిండి పట్టుకెళ్లనివ్వరు. ఫర్నేసు దగ్గర నిలబడ్డవాడు జేబులోంచి గుళ్లు తీసి నమలలేడు. కాబట్టి విడతలన్నీ బస్సు ఎక్కేముందు, క్యాంటీన్ బ్రేకులో, ఇంటికొచ్చాక పడాలి.

తెల్లారే 'ఎ' షిఫ్టుకి (A shift) పోయేవాడు ఆ వేళప్పుడు ఇడ్లీలు తినలేడు. పాలు, అరటిపండు, ఓ గుడ్డు నోట్లో వేసుకుని బస్సెక్కితే చాలు. టిఫిన్ క్యాంటీన్‌లో, పెద్ద భోజనం ఇంటికొచ్చాక. రాత్రి డ్యూటీ వాళ్లు రోజు ఎక్కడ మొదలవుతుందో తెలీక తికమకపడతారు. నిద్ర లేచిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకోండి. మధ్యాహ్నం లేవగానే భోజనం, డ్యూటీకి బయల్దేరేముందు ఇంకో భోజనం, అర్ధరాత్రి దాటాక తేలికపాటిది, పొద్దున్న ఇంటికొచ్చి పడుకునేముందు గుడ్లు, పాలు. నాలుగు విడతలయ్యాయి, ఎక్కడా హడావుడి లేదు.

డబ్బా విషయంలో మన ఊరి ఉక్క మర్చిపోవద్దు. కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. గుడ్డు పెంకు వలవకుండా పట్టుకెళ్లి తినేముందు వలుచుకోండి. రాత్రి మిగిలిన చికెన్ కూర డబ్బాలో వద్దు. బ్యాగులో ఎప్పుడూ పడుండాల్సినవి వేయించిన శనగలు, వేరుశనగ గుళ్లు. వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు.

అపోహ: ఒక్కసారికి ప్రొటీన్ 30 గ్రాములు మించితే ఒంటికి పట్టదు

పడుతుంది. పెద్ద భోజనం అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. 2023లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు వ్యాయామం తర్వాత కొందరికి 25 గ్రాములు, కొందరికి 100 గ్రాముల పాల ప్రొటీన్ ఇచ్చి చూశారు. ఎక్కువ తీసుకున్నవాళ్లలో కండ తయారీ ఎక్కువగా, ఎక్కువ గంటలు సాగింది. అలాగని మూడు పూటలదీ ఒక్కపూటే కుక్కుకోమనడం లేదు. మధ్యాహ్నం తప్పిపోతే రాత్రి సర్దుకోవచ్చు, కంగారు పడొద్దు అంటున్నాను.

వర్కవుట్ అయిన అరగంటలోపు ప్రొటీన్ పౌడర్ కలుపుకుని తాగకపోతే వృథా అన్నదీ ఇదే కోవలోది. జిమ్ముకి ముందు గంటా రెండు గంటల్లో ఏదైనా తిని ఉంటే, ఇంటికి పోయి స్నానం చేసి తీరిగ్గా తినండి.

అపోహ: అన్నం మానెయ్యాలి, పచ్చసొన పారెయ్యాలి, పప్పు తింటే చాలు

బరువు పెరగాలనుకునేవాడు అన్నం మానడమేంటండీ? బరువులెత్తే ఓపిక అందులోంచే వస్తుంది. పచ్చసొన పారేస్తే గుడ్డులోని ప్రొటీన్‌లో దాదాపు నలభై శాతం పారేసినట్టే. పప్పు మంచిదే. కానీ గిన్నెడు పప్పులో పడే కందిపప్పు ఓ 30 గ్రాములు, దాంట్లో ప్రొటీన్ ఆరేడు గ్రాములే. హోటల్ సాంబారులో అదీ ఉండదు.

చేపలు తినేవాళ్లు వంజరమే కావాలని కూర్చోకండి. ఫిషింగ్ హార్బర్లో దొరికే కానాగంతల్లోనూ వందకి 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ గుడ్లు, చికెన్, మీల్ మేకర్ మీద నడిపించండి.

అపోహ: ప్రొటీన్ తింటే కిడ్నీలు పోతాయి

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి ఈ మోతాదు ప్రమాదమని తేలలేదు. కానీ ఈ మాట అందరికీ ఒకేలా చెప్పను. ఇక్కడ పనిచేసేవాళ్లలో సోంపేట, కవిటి, పలాస నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది, పైకి తెలిసేసరికే ముదిరిపోయి ఉంటుంది. మీది ఆ ప్రాంతమైనా, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బున్నా, ప్రొటీన్ పెంచకముందే కిడ్నీల పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్ (రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. జిమ్ముకెళ్లేవాళ్లు వాడే క్రియాటిన్ పౌడర్ మీరూ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. దానివల్ల క్రియాటినిన్ అంకె కాస్త ఎక్కువ చూపించొచ్చు. రిపోర్టులో తేడా ఉంటే పైన రాసిన లెక్క మీకు వర్తించదు. ఎంత తినాలో కిడ్నీ డాక్టరే చెప్పాలి.