జులైలోనూ వణికించే సరస్సు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, పోర్క్యుపైన్ మౌంటెన్స్ అనే అడవి పార్కు ఉంది. అక్కడివాళ్లకు అది 'పోర్కీస్'. దాదాపు 60 వేల ఎకరాలు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు పొద్దున్నే బయల్దేరి, మాకినా వంతెన దాటి, రోజంతా కారు నడిపితే చేరుకోవచ్చు. జులై నెల, పైన ఎండ, ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. ఇంకేం కావాలి అనుకుంటూ చెప్పులు విప్పి దిగితే, చాలా రోజుల్లో మోకాళ్ల లోతుకు వెళ్లేలోపే పాదాల ఎముకలు సలపడం మొదలవుతుంది.

నడివేసవిలో ఇంత చలి ఎక్కడిది? నీటి గుణమే కారణం. నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే చిక్కగా, బరువుగా ఉంటాయి. అంతకంటే చల్లబడినా, వేడెక్కినా తేలికవుతాయి. చలికాలం పోయి ఎండ తగలగానే పైనీళ్లు 4 డిగ్రీల వైపు వేడెక్కి, బరువెక్కి, కిందికి దిగిపోతాయి. కిందివి పైకొస్తాయి. ఈ కలబోత పూర్తయ్యేదాకా వెచ్చటి పొర పైన నిలవదు. సుపీరియర్ వైశాల్యం 82 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు ముప్పాతిక వంతు. సగటు లోతు 147 మీటర్లు, అత్యధికంగా 406. ఇంత నీరు ఒక్క వేసవిలో వేడెక్కే పని కాదు. ఆలస్యంగా ఏర్పడే ఆ వెచ్చటి పొర కూడా పలచనే. అడుగున ఏడాది పొడవునా దాదాపు 4 డిగ్రీలే.

పైగా ఆ పొర ఉన్నచోట ఉండదు. ఈ ఒడ్డున దక్షిణ గాలి అంటే నేల మీంచి సరస్సు మీదికి వీచేది. పాల మీద మీగడను ఊదితే పక్కకు జరిగినట్టు, ఆ గాలికి వెచ్చటి నీళ్లు లోపలికి జరిగిపోతాయి. ఆ చోటికి అడుగు నుంచి చన్నీళ్లు పైకొస్తాయి. నిన్న పిల్లలు ఆడుకున్న చోటే ఇవాళ కాలు పెట్టలేం. ఎండ అలాగే ఉంటుంది, గాలి వెచ్చగానే తగులుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి తోడు అదే దక్షిణ గాలికి కుట్టే ఈగలు ఒడ్డుకు చేరతాయి. చూడటానికి ఇంటి ఈగల్లాగే ఉంటాయి గానీ చీలమండలను వెతుక్కుని మరీ కుడతాయి, సాక్సుల మీంచి కూడా. దోమల క్రీముకు పెద్దగా లొంగవు. వీటి బాధ పడలేక నీళ్లలోకి పరుగెత్తాలనిపిస్తుంది. నీళ్లు మరీ చల్లబడే రోజూ అదే.

చన్నీళ్లలో పడితే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం పోతుందని చాలామంది అనుకుంటారు. అసలు ముప్పు అంతకంటే ముందే వస్తుంది. 15 డిగ్రీల లోపు నీళ్లలో ఉన్నట్టుండి పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గట్టిగా ఊపిరి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, కాళ్లూ చేతులూ మన మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట. ఇది గడ్డకట్టేంత చల్లటి నీళ్ల లెక్క. లైఫ్ జాకెట్ ఉంటే ఆ గంటా మనదే. లేకపోతే గజ ఈతగాడికైనా 10 నిమిషాలే. కయాక్ ఎక్కి జాకెట్‌ను కాళ్ల దగ్గర పడేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

టెంట్ విషయంలోనూ పెత్తనం సరస్సుదే. పగలు నేల త్వరగా వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ చోటికి నీళ్ల మీది చల్లగాలి వస్తుంది. అడవిలో చెమటలు కారుతున్న మధ్యాహ్నమే ఒడ్డున స్వెట్టర్ కావాల్సి వస్తుంది. తేమగా, వెచ్చగా ఉన్న గాలి చన్నీళ్ల మీదికి వస్తే పొగమంచు కమ్ముకుంటుంది. రాత్రి మన ఊపిరిలోని ఆవిరి టెంట్ బట్టకు తగిలి చుక్కలవుతుంది, తెల్లారి చూస్తే వాన కురిసిందేమో అనిపిస్తుంది. ఇక స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా ఒంటి కింద నలిగిన భాగంలో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. కింద ఫోమ్ పరుపు లేకుంటే నేల రాత్రంతా మన వేడిని లాగుతూనే ఉంటుంది. కాటన్ బట్టలు కారులోనే వదిలేయండి. తడిస్తే అవి ఆరవు, వెచ్చగా ఉంచవు. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది.

వేసవిలో ఆలస్యంగా వేడెక్కే సరస్సు చలికాలంలో ఆలస్యంగానే చల్లబడుతుంది. కెనడా నుంచి వచ్చే పొడి చలిగాలి దాని మీద తేమ తాగి, ఈ కొండలెక్కుతూ మంచుగా కురిపిస్తుంది. ఏటా నాలుగైదు మీటర్ల మంచు. ఈ తేమలో హెమ్‌లాక్ చెట్లు బాగా ఎదిగాయి. పార్కులో సగానికి పైగా ఎన్నడూ గొడ్డలి పడని అడవే. కొట్టేయబోతున్న దశలో 1945లో పార్కుగా మార్చి కాపాడారు. హెమ్‌లాక్ వేళ్లు లోతుకు పోవు, గాలికి చెట్టు కూలుతుంది. టెంట్ వేసే ముందు ఒకసారి పైకి చూసి, ఎండు కొమ్మలు లేవని తేల్చుకోవాలి.

నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. వాటికి మన మీద కంటే మన సంచి మీదే ఆసక్తి. ఆవకాయ సీసాతో పాటు టూత్‌పేస్టు, సబ్బు కూడా సంచిలో కట్టి, క్యాంప్ దగ్గర పాతిన ఎత్తయిన ఇనుప స్తంభం కొక్కేనికి తగిలించాలి. వంట టెంట్‌కు దూరంగా చేసుకోవాలి. పోపు వాసన పట్టిన చొక్కాతో పడుకోవద్దు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా జియార్డియా అనే కడుపు చెడగొట్టే సూక్ష్మజీవి ఉండొచ్చు. సలసలా ఒక నిమిషం మరిగిస్తే చాలు. కట్టెలు మాత్రం ఇంటి నుంచి తేవద్దు. యాష్ చెట్లను తొలిచే పచ్చ పురుగును అమెరికాలో మొదట గుర్తించింది 2002లో డెట్రాయిట్ దగ్గరే. దాని సొంత ఎగురుడు కొద్ది దూరమే. దూరప్రయాణాలన్నీ జనం కార్లలో, కట్టెల్లో దాక్కుని చేసింది. ఉత్తర అమెరికాలో కోట్ల చెట్లు పోయాయి.

నడవడానికి నేనైతే పడమటి చివర ప్రెస్క్ ఐల్ నది ఒడ్డునే ఎంచుకుంటాను. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట ఖండం ఇక్కడ చీలబోయి ఆగిపోయింది. ఆ చీలికలో లావా నిండి, మధ్యభాగం కుంగింది. చాలా కాలం తర్వాత హిమానీనదాలు ఆ పల్లాన్ని తవ్వి ఇంత లోతైన సరస్సుగా చేశాయి. నది అడుగున పలకరాయిలో సుడినీళ్లు గులకరాళ్లను తిప్పి తిప్పి గుండ్రటి గుంతలు చెక్కాయి. అంచున జారుడు ఎక్కువ, పిల్లల చెయ్యి వదలొద్దు. ఇంకో సంగతి, పార్కు తూర్పున లేక్ ఆఫ్ ది క్లౌడ్స్ అనే చిన్న సరస్సు దగ్గర ఈస్టర్న్ టైమ్, ప్రెస్క్ ఐల్ ఉన్న గోగీబిక్ కౌంటీలో సెంట్రల్ టైమ్. ఒకళ్లు ఆ చివరి నుంచి నడిచి రావడం, ఇంకొకళ్లు ఈ చివర కారుతో కాచుకోవడం అనుకుంటే, ఎవరి గడియారం ప్రకారమో ముందే మాట్లాడుకోండి.