కొత్త ఓఎస్ వేయించుకోవాలనుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో నేను కంప్యూటర్ సర్వీసింగ్ షాపు నడుపుతున్నాను. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయిన దగ్గర నుంచి, రిపేరుకు వచ్చే సిస్టమ్‌తో పాటు ఒక ప్రశ్న కూడా మా బల్ల మీదకు వస్తోంది: ‘‘దీనికి వేరే ఓఎస్ ఏదైనా వేస్తారా అండీ?’’ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. ఇలా అడిగేవారిలో కొబ్బరి వ్యాపారులు, రొయ్యల చెరువుల లెక్కలు రాసే గుమస్తాలు, శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్లు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉన్నారు. వృత్తులు వేరైనా వారు వెంట తెచ్చుకునే నమ్మకాలు మాత్రం ఇంచుమించు ఒక్కటే. వాటిలో తరచుగా వినిపించేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: విండోస్ 11 ఎక్కని కంప్యూటర్‌ను పాత సామాన్లకు వేసేయవలసిందే.

వాస్తవం: విండోస్ 11 అడిగే అర్హతలలో జనానికి అడ్డుపడేవి ముఖ్యంగా రెండు. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఒకటి; ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ మరొకటి. 4వ తరం ఐ5 ఉన్న డెస్క్‌టాప్ ఈ పరీక్షలో తప్పుతుంది. అయినా అదే యంత్రం మీద, లినక్స్ అనే ఉచిత ఓఎస్‌ల కుటుంబంలోని లినక్స్ మింట్ 22 హాయిగా నడుస్తుంది. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలని, 4 జీబీ ఉంటే సుఖమని తయారీదారులు చెబుతారు. నా అనుభవంలో 4 జీబీ ఓఎస్‌కు సరిపోతుంది కానీ బ్రౌజర్‌కు సరిపోదు. పది ట్యాబులు తెరిచి ఉంచే అలవాటున్నవారు 8 జీబీకి పెంచుకోవడం మంచిది.

లినక్స్ వేయగానే స్పీడు పెరిగిందని మెచ్చుకునేవారిలో చాలామందికి మేము అదే రోజున హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ బిగించి ఉంటాము. ఆ మెప్పులో పెద్ద వాటా ఎస్‌ఎస్‌డీకే దక్కాలి. అలాగే, మన సముద్రపు గాలికి, తేమకు ర్యామ్ పళ్ళ మీద మకిలి పట్టి సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతుంటే, ఆ నేరం ఓఎస్ మీద మోపి ఫార్మాట్ కొట్టమనేవారూ ఉన్నారు. ముందు ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో తుడిచి చూస్తాము. ఓఎస్ సంగతి ఆ తరువాత. విండోస్ 10లోనే మరికొంత కాలం ఉండదలచినవారికి, నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

అపోహ: కొత్త ఓఎస్ ఎలా ఉంటుందో చూడాలంటే ఉన్నదానిని చెరిపేయాలి.

వాస్తవం: లినక్స్ ఓఎస్‌లలో చాలావాటిని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. దీనిని లైవ్ సెషన్ అంటాము. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్ళు ఎక్కడివక్కడ ఉంటాయి. కంప్యూటర్ ఆపి పెన్‌డ్రైవ్ తీసేస్తే మళ్ళీ మీ విండోస్ మీకు వస్తుంది. వెంటాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 32 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఒకసారి సిద్ధం చేసుకుంటే, మింట్, ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి లినక్స్ ఓఎస్‌ల ఐఎస్‌ఓ ఫైళ్ళను (ఓఎస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) మామూలు పాటల ఫైళ్ళలా అందులోకి కాపీ చేసుకుని, మెనూలో ఒకదాని తరువాత ఒకటి ఎంచుకుని చూడవచ్చు. వెంటాయ్ సిద్ధం చేసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళు మాత్రం పోతాయి.

అయితే లైవ్ సెషన్‌లో ఏమి చూడాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడుతున్నారు. వాల్‌పేపర్ మార్చి, మెనూలు అటూ ఇటూ తిప్పి బాగుందంటారు. అవి ఇన్‌స్టాల్ చేసిన మర్నాడు ఎవరికీ గుర్తుండవు. నేను నా కస్టమర్లను కుర్చీలో కూర్చోబెట్టి, రోజూ చేసే పనిని ఒక గంటసేపు అక్కడే చేయమంటాను. ముందు వైఫై కలపాలి. వాట్సాప్ వెబ్ తెరవాలి. తమ ఎక్సెల్ ఫైలు ఒకటి, ఎంఎస్ ఆఫీస్‌కు బదులుగా వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిచి మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి, టీ తాగి వచ్చి, మూత తెరవాలి. తెర వెలగకపోయినా, వెలిగి వైఫై రాకపోయినా అది రేపు రోజూ ఉండే బాధ అని అర్థం.

చివరగా ప్రింటర్. ఇందులోనే ఎక్కువ నిరాశలు ఎదురవుతాయి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి ఆ కంపెనీయే లినక్స్ డ్రైవర్లు ఇస్తోంది కనుక ఇబ్బంది తక్కువ. చవకగా వచ్చిన కొన్ని లేజర్ ప్రింటర్లు మాత్రం తమ సొంత భాష తప్ప మరొకటి ఎరగవు. వాటితో లినక్స్‌ను మాట్లాడించడానికి ఒక పూట పట్టవచ్చు, ఎంతకీ కుదరకనూ పోవచ్చు. లైవ్ సెషన్ వేగాన్ని చూసి ఓఎస్ వేగాన్ని అంచనా వేయకూడదు. అది యూఎస్‌బీ నుంచి చదువుతోంది కనుక సహజంగానే నెమ్మదిగా ఉంటుంది.

అపోహ: అన్నిటిలోకీ మంచి లినక్స్ ఒకటి ఉంటుంది, దానిని వేయించుకుంటే సరి.

వాస్తవం: లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నెలే, అంటే ఓఎస్ గుండెకాయే, వీటన్నిటి లోపలా ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మీద నిలబడి చూస్తే తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు వెళ్ళేది ఒకే గోదావరి నీరు. రైతుకు కావలసింది మాత్రం తన కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కడతారు అన్న సమాచారం. ఓఎస్‌లను పోల్చేటప్పుడు కూడా ముందు అడగవలసిన ప్రశ్న అదే: అప్‌డేట్లు ఎప్పుడెప్పుడు వస్తాయి, ఎన్నాళ్ళు వస్తాయి? ఫెడోరా సుమారు ఆరు నెలలకొక కొత్త వెర్షన్ ఇస్తుంది, ఒక్కొక్కదానికి 13 నెలల వరకే మద్దతు ఉంటుంది. ఉబుంటులో ఎక్కువ కాలం మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ రెండేళ్ళకొకసారి వస్తుంది, 5 ఏళ్ళు అప్‌డేట్లు ఇస్తుంది. మింట్ 22 ఆ ఉబుంటు 24.04 మీద కట్టినదే కనుక దానికి 2029 వరకు భరోసా ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజు గడిపే ఇంట్లో, పెద్ద అప్‌డేట్లు తరచుగా వచ్చే ఓఎస్ ఎంత అందంగా ఉన్నా నేను వేయను.

విండోస్ 7 నాటి నుంచి కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ చూసి అలవాటుపడినవారికి మింట్‌లోని సినమన్ ఎడిషన్ ఇస్తాను. ర్యామ్ తక్కువైతే మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఫెడోరా నప్పుతుంది, వారికి కొత్తవాటితో పేచీ పడే ఓపిక ఉంటుంది కనుక. బ్రౌజర్ తప్ప మరేమీ తెరవనివారికి గూగుల్ వారి క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ సరిపోతుంది; అయితే అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు రావు. ఈ ఒక్క ముక్క ముందుగా తెలియక వెనక్కి తెచ్చినవారున్నారు. పాత 32 బిట్ యంత్రాలకు దారులు మూసుకుపోతున్నాయి. మింట్ ప్రధాన ఎడిషన్ 2020లోనే ఆ దారి మూసింది, 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

అపోహ: లినక్స్‌లో తెలుగు సరిగా రాదు.

వాస్తవం: ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది, ఇప్పుడు లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికతో పాటు, డీటీపీ వారి వేళ్ళకు అలవాటైన ఆపిల్ అమరిక కూడా ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. పరీక్షగా నేను ‘జ్యోత్స్న’, ‘ఉజ్జ్వల’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ కొట్టిస్తాను. వొత్తుకు వొత్తు తగిలే చోట అక్షరం విడిపోకుండా నిలబడితే ఫాంటూ, దానిని మలిచే యంత్రాంగమూ రెండూ సరిగా ఉన్నట్టు. తరువాత ‘పోస్ట్‌మాన్’ కొట్టిస్తాను. ‘ట్’ కింద మకారపు వొత్తు చేరకుండా ఆపే కనిపించని అక్షరం ఏ మీట మీద ఉందో తెలియకపోతే తెలుగు టైపు చేసేవారికి రోజు గడవదు. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే స్థానం ఇచ్చే ప్రమాణం) ఫాంట్లు స్వేచ్ఛగా దొరుకుతున్నాయి కనుక ఫాంట్లకు కరవు లేదు.

మరి చిక్కు ఎక్కడుంది? ముమ్మిడివరం వైపు నుంచి శుభలేఖలు వేసే ఒకావిడ తమ సిస్టమ్ తెచ్చినప్పుడు ఈ పరీక్షలన్నీ నెగ్గాయి. ఆమె సంతోషించి, ‘‘మరి మా పాత అను ఫైళ్ళు తెరుచుకుంటాయా అండీ?’’ అని అడిగారు. ఒక ఫైలులోని పాఠాన్ని తెచ్చి అతికించాము. ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా వచ్చి పడ్డాయి. అను ఫాంట్లు తెలుగు అక్షరాలను యూనికోడ్ స్థానాలలో కాక, ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాచుకుంటాయి. ఆ ఫాంటు లేని చోట లోపలి సరుకు అలాగే బయటపడుతుంది. దీనిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, మార్చిన తరువాత ప్రతి వొత్తునూ కళ్ళతో చూసుకోవలసిందే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కు బదులుగా లినక్స్‌లో స్క్రైబస్ ఉంది. దాని పాత 1.4 వెర్షన్‌లో తెలుగు గుణింతాలు చెల్లాచెదురయ్యేవి, 2024లో వచ్చిన 1.6లో చక్కగా వస్తున్నాయి. ఆమెకు నేను చెప్పిన సలహా ఇది: పాత పనులకు పాత సిస్టమ్‌ను ఇంటర్నెట్ తీసేసి అలాగే ఉంచుకోవాలి, కొత్త శుభలేఖలు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టాలి.

అపోహ: లినక్స్‌కు వైరస్ రాదు.

వాస్తవం: తక్కువ. రాదని ఎవరైనా చెబితే 2024 మార్చిలో లినక్స్‌లో ఫైళ్ళను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో దొంగదారి బయటపడిన సంగతి గుర్తుచేయండి. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి అది దొరికింది. మన ప్రాంతంలో నేను చూసే వైరస్‌లలో ఎక్కువ భాగం విండోస్‌ను ఊరికే యాక్టివేట్ చేస్తామనే దొంగ సాఫ్ట్‌వేర్ల వెంట వచ్చినవే.

అపోహ: రెండు ఓఎస్‌లూ పక్కపక్కన వేసుకుంటే ఏ బాధా ఉండదు.

వాస్తవం: ఉంటుంది, కానీ తెలిస్తే తప్పించుకోవచ్చు. మొదటిది గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక సమయాన్ని రాస్తుంది. లినక్స్ అందులో యూటీసీని, అంటే ప్రపంచ ప్రామాణిక సమయాన్ని రాస్తుంది. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కనుక, ఉదయం 10 గంటలకు లినక్స్ నుంచి విండోస్‌కు వస్తే తెల్లవారుజాము 4:30 అని కనిపిస్తుంది. మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే సీమాస్ సెల్ అయిపోయిందనుకుని కొత్తది కొనుక్కున్నవారున్నారు. లినక్స్‌లో ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోతుంది. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడం రెండో జాగ్రత్త. లేకపోతే ఆ డిస్క్ లినక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి వీలుపడకపోవచ్చు.

మూడోది నేను స్వయంగా చేసిన తప్పు. రాజోలు నుంచి వచ్చిన ఒక మాస్టారి ల్యాప్‌టాప్‌లో, అడగవలసినది అడగకుండా, బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులలో) సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటును ఆపేశాను. తిరిగి ఆన్ చేస్తే నీలం తెర మీద, డిస్క్‌ను తాళం వేసి ఉంచే (ఎన్‌క్రిప్ట్ చేసే) బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. సెట్టింగును వెనక్కి తిప్పినా వినలేదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నదన్న సంగతి మాస్టారికే తెలియదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది యజమాని అడగకుండానే ఆన్ అయి ఉండటం మామూలే. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా హైదరాబాదులో ఉన్న వారబ్బాయి ఈమెయిల్‌తో తెరిచారని మూడో రోజున తేలింది. ఆ మూడు రోజులూ మాస్టారు ‘‘పర్లేదులెండి’’ అంటూనే ఉన్నారు, నాకు మాత్రం అన్నం సహించలేదు. అప్పటి నుంచి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి చూపించనిదే ఏ ల్యాప్‌టాప్ బయోస్‌లోనూ వేలు పెట్టడం లేదు.

అపోహ: వైన్ ఉంటే విండోస్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి.

వాస్తవం: వైన్ అంటే విండోస్ సాఫ్ట్‌వేర్లను లినక్స్‌లో నడిపించే సాధనం. కొన్ని నడుస్తాయి. వ్యాపారపు లెక్కలు రాసే టాలీప్రైమ్ విండోస్ కోసం చేసినది. దానిని వైన్‌లో తెరిచి చూపించి చప్పట్లు కొట్టించుకోవచ్చు కానీ, బిల్లు ప్రింటు, డేటా బ్యాకప్, యూఎస్‌బీ డిజిటల్ సంతకపు టోకెన్ అన్నీ దానితో కలిసిరావాలి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకరు మేనల్లుడి మాట మీద సిస్టమ్ తెచ్చి, మింట్ వేయమని పట్టుబట్టారు. నెలనెలా 20వ తేదీలోగా ఆయన జీఎస్‌టీ రిటర్ను వేయాలి, ఆయన వచ్చింది 17న. నేను వేయనన్నాను. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ 10 పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసి, టాలీ డేటా రెండు చోట్ల కాపీ తీసి ఇచ్చాను. మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా చేతిలో పెట్టాను. అది మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో నడుస్తోందని విన్నాను.