క్యాసెట్ టేపే అద్దం: అతిశీతల పరమాణువులపై అపోహలు, వాస్తవాలు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు లేజర్ కూలింగ్ (లేజర్ కాంతితో పరమాణువులను చల్లబరచడం) పాఠంలో, చల్లని రుబీడియం లోహ పరమాణువులను బంతుల్లా వెనక్కి ఎగరగొట్టే అయస్కాంత 'అద్దం' గురించి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, రుబీడియం ఇనుము కాదుగా, అయస్కాంతం దాన్నేం చేస్తుంది?" మంచి ప్రశ్న.

అపోహ: అయస్కాంతం ఇనుము లాంటి వాటినే పట్టుకుంటుంది, అదీ లాగడమే.

రుబీడియం బయటి కక్ష్యలో జత లేని ఎలక్ట్రాన్ ఒకటుంది. అందుకే ప్రతి పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. దాని అయస్కాంత భ్రామకం (ఆ బుల్లి అయస్కాంతం బలం, దిశ) బయటి అయస్కాంత క్షేత్రానికి ఎదురు దిశలో ఉంటే, బలమైన క్షేత్రం దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. అద్దానికి పనికొచ్చేవి ఇవే. మిగతావి ఉపరితలానికి తగిలి పోతాయి.

అపోహ: ఇంత పనికి భారీ అయస్కాంతం కావాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 1995లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్ హిండ్స్ బృందం ఈ అద్దానికి వాడింది ఆడియో టేపు! దాని మీద పాటకు బదులు సైన్ తరంగం రికార్డు చేశారు. 1997లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో ఫ్లాపీ డిస్కును గిన్నెలా వంచి, పరమాణువులు అందులోనే మళ్లీ మళ్లీ ఎగిరేలా చేశారు. లెక్క వేసి చూడండి: భ్రామకం ఒక బోర్ మాగ్నెటాన్ (పరమాణు అయస్కాంతాలను కొలిచే ప్రమాణం) ఉన్న రుబీడియం-87 పరమాణువును 2 సెం.మీ. పైనుంచి వదిలితే, ఆపడానికి సుమారు 30 గౌస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) చాలు.

సైన్ తరంగమే ఎందుకంటే, క్షేత్రం దిశ చోటుచోటుకీ మారినా ఒకే ఎత్తులో దాని పరిమాణం అంతటా ఒకటే. అద్దం చదునుగా ఉండేది అందువల్లే. రికార్డింగ్‌లో హార్మోనిక్స్ (అసలు తరంగానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యం ఉన్న తరంగాలు) కలిస్తే అద్దం గరుకవుతుంది. పైగా ఒక తరంగదైర్ఘ్యం ఎత్తుకు వెళ్లేసరికి క్షేత్రం 500 రెట్లకు పైగా పడిపోతుంది. పరమాణువు వెనక్కి తిరిగేదంతా ఉపరితలం దగ్గరి కొద్ది మైక్రాన్లలోనే.

అపోహ: టేపును కూడా గడ్డకట్టించాలి.

అక్కర్లేదు, టేపు గది వేడిలోనే ఉంటుంది. పరమాణువులను మైక్రోకెల్విన్లకు (కెల్విన్‌లో పదిలక్షల వంతులు, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు అతి చేరువకు) దించేది 780 నానోమీటర్ల లేజర్లు. మధ్యలో గాలి లేదు, గది నుంచి వచ్చే వేడి వికిరణాన్ని ఈ పరమాణువులు దాదాపు పీల్చుకోవు. బెజవాడ ఎండల్లో ఏసీ కావాల్సింది లేజర్లకే.

అపోహ: చూడ్డానికి బాగుంటుంది గానీ ఎందుకూ పనికిరాదు.

2005లో ఇంపీరియల్ కాలేజీలో వీడియోటేపు చిప్పు మీద బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌నే (పరమాణువులు ఒకే క్వాంటమ్ స్థితిలోకి చేరే అతిశీతల పదార్థ స్థితి) తయారు చేశారు. టేపుకు కరెంటు అక్కర్లేదు, కరెంటు ఒడిదుడుకుల బెడదా లేదు. లోటల్లా ఒక్కటే: రికార్డు చేసిన క్షేత్రాన్ని మధ్యలో ఆపలేం, బయటి నుంచి మరో క్షేత్రాన్ని (బయాస్ క్షేత్రం) పెట్టి మార్చుకోవాల్సిందే.