చీమకుర్తి లారీ, ఎల్పీ రికార్డు ముల్లు

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే బస్సెక్కితే దారిలో గ్రానైటు లారీలు తప్పవు. ఖాళీగా క్వారీకి పోయే లారీ ప్రతి గుంతకీ దడదడలాడుతుంది. అదే లారీ గెలాక్సీ రాయి ఎత్తుకుని తిరిగొచ్చేటప్పుడు మెల్లగా ఊగుతూ వస్తుంది. రోడ్డు అదే, కమాను కట్టలూ అవే. మారిందల్లా బరువు. మా ఇంట్లో రికార్డు ప్లేయర్‌కి పట్టిన జబ్బేమిటో ఆ లారీ వెనకాల పోతుంటేనే నాకు తట్టింది.

నాన్న వాడిన పాత టర్న్‌టేబుల్‌కి ఖరీదైన కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లుండే చిన్న డబ్బీ) కొని బిగించాను. తర్వాత బాలు పాటల ఎల్పీ పెట్టాను. (నెల్లూరోళ్లు మావాడంటారు, మేమూ ఒప్పుకుంటాం, అప్పుడప్పుడూ.) పాట సంగతి తర్వాత. స్పీకర్ కోను ఆయాసం వచ్చినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. దానికి శబ్దం మాత్రం లేదు. గదిలో ఎవరైనా కాస్త గట్టిగా నడిస్తే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతోంది.

ముల్లు ఒక సన్నటి కడ్డీ కొసన ఉంటుంది. ఆ కడ్డీ రెండో కొసను చిన్న రబ్బరు ముక్క పట్టుకుని ఉంటుంది. ఆ రబ్బరే దానికి కమాను కట్ట. దాని మీది లోడు కార్ట్రిడ్జ్, దాన్ని మోసే చెయ్యి, అంటే టోన్ఆర్మ్. స్ప్రింగూ బరువూ కలిసిన చోట వాటికి సొంత ఊపు ఒకటి పుడుతుంది. అది సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉంటే మంచిది.

అదే ఎందుకంటే, ఆ అంకెలకి కింద వైపు వంకర రికార్డులున్నాయి. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లో వినైల్ వంగకుండా ఉంటుందా? నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ ఒక చుట్టుకి 1.8 సెకన్లు తీసుకుంటుంది. ఆ వంకర వల్ల ముల్లుకి తగిలే కుదుపులు ఎక్కువగా సెకనుకు అయిదారు సార్ల లోపే ఉంటాయి. మన అడుగుల అదురు కూడా ఆ చుట్టుపక్కలే. ఇక పైన, 20 హెర్ట్జ్ (సెకనుకు 20 సార్లు) దగ్గర నుంచి పాట మొదలవుతుంది. ఈ రెంటి మధ్య సందులో మన ఊపు ఇరుక్కోవాలి. కుదుపు ఈ ఊపుతో కలిసిందా, ఊగుడు పెరిగిపోతుంది.

లెక్క సులువే. కదిలే మొత్తం బరువును గ్రాముల్లో తీసుకుని, కార్ట్రిడ్జ్ కాగితం మీదుండే కంప్లయన్స్‌తో, అంటే రబ్బరు మెత్తదనంతో, గుణించి వర్గమూలం తీయాలి. 159ని దాంతో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. మా ప్లేయర్ చెయ్యి పాతకాలపు బరువైన రకం, 20 గ్రాములు. కార్ట్రిడ్జ్, మరలు కలిపి 7. కొత్త కార్ట్రిడ్జ్ కంప్లయన్స్ 25. లెక్కేస్తే 6.1 వచ్చింది, నేరుగా వంకర రికార్డుల పేటలోకే. అదే కంప్లయన్స్ 10 ఉన్నదైతే 9.7 వచ్చేది.

ఇక్కడ చాలామంది రెండుచోట్ల పొరబడతారు. ఆ 20 గ్రాములు తక్కెడలో తూచే బరువు కాదు, గాడి మీద ముల్లు నొక్కే ఒకటిన్నర, రెండు గ్రాములూ కాదు. చేతిని కదిలించబోతే ముల్లుకి ఎంత బరువుగా తోస్తుందో, అది. దాన్నే ఎఫెక్టివ్ మాస్ అంటారు. రెండోది, కొన్ని జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి. మన లెక్కకి 10 హెర్ట్జ్ దగ్గరి అంకె కావాలి, అది సుమారు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటుంది. ఇది చూసుకోకుండా లెక్కేస్తే లెక్క ఒప్పు, జవాబు తప్పు.

యాంప్లిఫైయర్ దగ్గర కూడా జత కుదరాలి గానీ అక్కడ అంత తలనొప్పి లేదు. అయస్కాంతం కదిలే ఎమ్ఎమ్ రకం కార్ట్రిడ్జ్ నాలుగైదు మిల్లీవోల్టులు ఇస్తుంది, వంద రెట్లు పెంచితే చాలు. తీగచుట్ట కదిలే ఎమ్‌సీ రకం ఇచ్చేది అందులో పదో వంతే, కాబట్టి దానికి వెయ్యి రెట్లు కావాలి. ఫోనో ప్రీయాంప్ లేకుండా యాంప్లిఫైయర్ మామూలు సాకెట్ అయిన ఆక్స్‌లో గుచ్చితే మాత్రం గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఎందుకంటే గాడి చెక్కేటప్పుడే మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి చెక్కుతారు. దాన్ని తిరగేసి సరిచేసే పని ప్రీయాంప్‌ది.

ప్లేయర్ కింద రాయి పలక వేయమని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. మా జిల్లాలో రాయికి కరువా, వేశాను. అడుగుల అదురు కొంత తగ్గింది, కోను ఊగడం మాత్రం తగ్గలేదు. చివరికి కంప్లయన్స్ 10 ఉన్న మామూలు కార్ట్రిడ్జ్ తెచ్చి బిగించాను. కోను నిలబడింది. ఖరీదైనది, దానికి తగ్గ తేలిక చెయ్యి దొరికేదాకా, బీరువాలో పడి ఉంది. డబ్బా తెరిచి చూసిన మా ఆవిడ ఇంత చిన్న ముల్లుకా అంత డబ్బు పోసింది అంటోంది.