తలుపుకు తాళం పడితే ఓటు పోతుందా? బీఎల్ఓగా నేను వినే అపోహలు

ఆదోని వైపు ఒక పల్లెలో నేను ప్రభుత్వ బడి టీచర్‌ని. బడి పనితో పాటు మా బూత్‌కు బీఎల్ఓని (బూత్ లెవల్ ఆఫీసర్‌ని) కూడా. ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూడడం నా పని. ఓటు ఉందో లేదో అని పోలింగ్ రోజు పొద్దున చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. ఆ పూట మేం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కార్డు ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే.

2024 మే 13న బడి గేటు పక్కన షామియానా కింద, అక్షర క్రమంలో ఉన్న జాబితా ముందేసుకుని కూర్చున్నాను. మా ఊరి భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరి చేతుల్లో ఓటరు కార్డులు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నవి. జాబితాలో వాళ్ల ఫొటోల మీద అడ్డంగా ‘డిలీటెడ్’ అని ఉంది. "కార్డు ఇదో ఉంది కదా సార్" అని ఆమె రెండుసార్లు అడిగింది.

ఆ పేర్లు తీయించింది నేనే. అంతకు ముందు ఏడాది చివర్లో జాబితా పరిశీలనకు వెళ్తే ఆ ఇంటికి తాళం. ఇంకోసారి వెళ్లినా తాళమే. పక్కింటాయన "వాళ్లు ఇక్కడ లేరు సార్, గుంటూరు దిక్కు పోయినారు" అన్నాడు. నేను ‘షిఫ్టెడ్’ అని రాసిచ్చాను. నోటీసు ఆ తాళం వేసిన తలుపు సందులోనే పడింది. వాళ్లు పోయింది సుగ్గికి, అంటే కోతల కూలికి. పత్తి, మిరప కోతలయ్యాక ఉగాదికి తిరిగొచ్చేవాళ్లు. మా ప్రాంతంలో సగం వీధులు ఆ నెలల్లో అలాగే ఉంటాయని తెలిసి కూడా ఇంకో మాట అడగకుండా రాసేశాను.

చట్టం వాళ్ల పక్షానే ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసం పోదు. కూలికి పోయినా, ఆపరేషన్ కోసం కూతురింట్లో మూడు నెలలున్నా మీ ఓటు మీ ఊళ్లోనే ఉండాలి. కానీ పేరు జాబితాలో లేకపోతే కార్డు ఎంత కొత్తదైనా ఓటు వేయనివ్వరు. కార్డు మీరెవరో చెప్పే గుర్తింపు, అంతే. పేరు ఉండి కార్డు పోతే భయం లేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చాలు.

అపోహ: పేరు లేకపోతే ఆధార్ చూపించి ‘చాలెంజ్ ఓటు’ అడగొచ్చు.

ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో ఈ మెసేజ్ తిరుగుతుంది. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ పెడతారని కూడా అందులో ఉంటుంది. రెండూ తప్పు. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని బూత్‌లో కూర్చునే అభ్యర్థి ఏజెంటుకు అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్తాడు. చాలెంజ్ అంటే అది. మీ పేరు మీద ముందే ఇంకెవరో ఓటేసిపోయి ఉంటే మీకు కాగితం బ్యాలెట్ ఇస్తారు, అది టెండర్ ఓటు. రెండింటికీ జాబితాలో పేరు ఉండి తీరాలి. ఈ మెసేజ్ నమ్మి వచ్చినవాళ్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌తో గొడవ పడి ఉత్త చేతుల్తో వెళ్లిపోవడం చూశాను. చాలా బాధేస్తుంది.

అపోహ: పోయినసారి ఓటేయలేదు, అందుకే తీసేశారు. ఆధార్ లింక్ చేయలేదు, అందుకే తీసేశారు.

ఓటు వేయలేదని పేరు తీసే నిబంధన లేదు. ఆధార్ ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వనందుకు తీయకూడదు. చనిపోయినా, వేరే చోటికి మారిపోయినా, రెండుసార్లు నమోదైనా, అర్హత లేకపోయినా తీస్తారు. అన్యాయంగా తీశారనుకుంటే 15 రోజుల్లోపు జిల్లా కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

అపోహ: హైదరాబాద్‌లో ఒకటి, సొంతూళ్లో ఒకటి ఉంటే తప్పేముంది?

తప్పే. ఒక మనిషికి ఒకే చోట నమోదు ఉండాలి. ఇల్లు మారినవాళ్లు చాలామంది కొత్త చోట ఫారం 6 నింపుతారు. అది మొదటిసారి నమోదయ్యేవాళ్లది. ఇంకెక్కడా ఓటు లేదని అందులో సంతకం పెడతారు, అబద్ధం అని తేలితే ఏడాది వరకు జైలు పడొచ్చు. మారినవాళ్లు నింపాల్సింది ఫారం 8. దానితో పాత చోట పేరు పోయి కొత్త చోట చేరుతుంది. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోండి. అత్తారింటివాళ్లు ఫారం నింపేస్తారు, ఆ పిల్లేమో పోలింగ్ రోజు పుట్టింటి బూత్‌కు వస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో వెతికితే రాలేదు, కాబట్టి ఓటు పోయింది.

టెన్షన్ పడకండి. చాలా పాత కార్డుల మీద ‘ఏపీ’ అని మొదలై మధ్యలో గీతలతో ఉండే పొడవాటి నంబరు ఉంటుంది. ఇప్పటి నంబర్లలో అక్షరాలు, అంకెలు కలిపి పదే. పాత నంబరుతో వెతికితే రాదు. అప్పుడు పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, నియోజకవర్గం ఇచ్చి చూడండి. స్పెల్లింగ్ కూడా మార్చి చూడండి. మా దగ్గర హుసేనప్ప జాబితాలో ఉసేనప్పగా ఉంటాడు. ఎన్నికల సంఘం ఓటర్ల వెబ్‌సైట్ ఉంది, 1950కి ఫోన్ చేయొచ్చు, మీ బీఎల్ఓని అడగొచ్చు. పార్ట్ నంబరు (మీ బూత్ జాబితా నంబరు), అందులో మీ క్రమ సంఖ్య రాసిపెట్టుకోండి.

అపోహ: ఎన్నికల ముందు రోజు వరకూ టైం ఉంటుంది.

నామినేషన్ల ఆఖరు రోజు దాటాక జాబితాలో ఏ మార్పూ కుదరదు. అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి కాబట్టి దానికి పది రోజుల ముందే దరఖాస్తు పడాలి. 2024లో మనకు నామినేషన్ల ఆఖరు రోజు ఏప్రిల్ 25. అంటే ఏప్రిల్ 15 లోపు ఫారం ఇవ్వాలి. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఆ భార్యాభర్తలకు ఆరు రోజులు ఉన్నాయి. వాళ్లు చూసుకోలేదు, నేను వెళ్లి చెప్పలేదు.

ఎన్నికలయ్యాక వాళ్లింటికి వెళ్లి, పేరు ఎక్కడా లేకుండా పోయింది కాబట్టి మళ్లీ కొత్తగా ఫారం 6 నింపించాను. పేర్లు మళ్లీ జాబితాలోకి వచ్చాయి. ఇప్పుడు సుగ్గికి బండ్లు కదిలే ముందు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గరికి వెళ్లి ఏ ఇంటివాళ్లు పోతున్నారో, ఎవరి ఫోన్ నంబరేదో రాసుకుంటున్నాను. తాళం కనిపిస్తే పక్కింటి తలుపు కొట్టే ముందు ఆ నంబరుకు ఫోన్ చేస్తున్నాను. "ఉన్నాం సార్, ఉగాదికి వస్తాం" అని మిరప చేల నుంచి జవాబు వస్తుంది.