వంటగట్టు ఎత్తు ఎవరిని అడిగి పెట్టారు? ఎర్గోనామిక్స్: అపోహలు - వాస్తవాలు

పెళ్లిలో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే ఎర్గోనామిక్స్ అని చెబుతాను. "ఎకనామిక్సా, మంచిది" అని తలూపుతారు. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నా, మా పెద్దమ్మ దృష్టిలో నేను కుర్చీలు అమ్ముతాను. బల్ల, యంత్రం, పనిముట్టు, వంటిల్లు... ఇవి వాడే మనిషికి తగ్గట్టు ఉన్నాయా, లేక మనిషే వాటికి తగ్గట్టు ఒంగిపోతున్నాడా అని చూడటం నా పని. ఈ పనిలో పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మంచి కుర్చీ కొంటే నొప్పులు పోతాయి

ఒక అకౌంట్స్ ఆఫీసువాళ్లు ఖరీదైన కుర్చీలు కొన్నారు. అయినా భుజాల నొప్పులు తగ్గట్లేదని పిలిచారు. నేను వెళ్లగానే బల్లల కిందకి వంగి చూశాను. ముగ్గురు ఆడవాళ్ల కాళ్ల కింద జిరాక్స్ పేపర్ బండిళ్లున్నాయి. విషయం అక్కడే తెలిసిపోయింది.

మామూలు ఆఫీసు బల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. అయిదడుగుల మనిషి పాదాలు నేలకి ఆనించి కూర్చుంటే మోచేయి నేల నుంచి దాదాపు 63 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. ఇక టైపు చేయాలంటే భుజాలైనా ఎత్తాలి, కుర్చీనైనా లేపాలి. కుర్చీ లేపితే కాళ్లు వేలాడతాయి, సీటు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది. అందుకే ఆ బండిళ్లు. ఇబ్బంది బల్లతో ఉంటే డబ్బు కుర్చీకి పెట్టారన్నమాట. బల్లల కాళ్లు కోయిస్తామంటే మేనేజర్ ఒప్పుకోలేదు. కీబోర్డు ట్రేలు కిందకి దించి, ఏటవాలు ఫుట్‌రెస్టులు చేయించాం.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. తెర, కీబోర్డు కలిసే ఉంటాయి కాబట్టి మెడకి సుఖమైతే చేతులకి కష్టం, చేతులకి సుఖమైతే మెడకి కష్టం. నాలుగు పుస్తకాల మీద పెట్టి, విడిగా ఒక మామూలు కీబోర్డు కొనుక్కోండి. చాలావరకు సరిపోతుంది.

అపోహ: సగటు మనిషికి సరిపోతే అందరికీ సరిపోతుంది

1950లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్రాడు 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకున్నాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు లాంటి పది కొలతల్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరని లెక్క వేశాడు. ఒక్కరూ తేలలేదు. అప్పటిదాకా కాక్‌పిట్లు కట్టింది ఆ లేని మనిషి కోసమే. ఆ తరవాతే సీటు, పెడళ్లు, హెల్మెట్ పట్టీలు ఎవరికి తగ్గట్టు వాళ్లు సర్దుకునేలా మారుతూ వచ్చాయి.

మన దగ్గర ఆ లేని మనిషి వంటింట్లో ఉంటాడు. "34 అంగుళాలు సార్, ఎక్కడైనా అదే" అంటాడు మేస్త్రీ. సరే, కూరగాయలు తరగడానికి గట్టు మోచేతికి మూడు నాలుగు అంగుళాలు కింద ఉంటే చాలు. అయిదడుగుల ఆవిడకి 33, 34 దగ్గర కుదురుతుంది. కానీ వంటంటే తరగడం ఒక్కటే కాదు కదా. అదే గట్టు మీద అయిదంగుళాల స్టవ్, దాని మీద ఆరంగుళాల గిన్నె పెట్టండి. గిన్నె అంచు 45 అంగుళాలకి చేరుతుంది. గరిటె తిప్పినప్పుడల్లా మోచేయి భుజం దాకా లేవాల్సిందే. చపాతీ పిండి కలపాలంటే ఒంటి బరువు చేతుల మీద మోపాలి, దానికి గట్టు ఇంకా కిందకుండాలి. సింక్ దగ్గర దీనికి పూర్తిగా తిరగేసి. చేతులు పని చేసేది తొట్టి అడుగున, అంటే గట్టుకి ఏడెనిమిది అంగుళాల కింద. గిన్నెలు తోమాక నడుం పట్టేయడానికి సగం కారణం ఇదే.

అందుకే నా దగ్గరికి ఇంటి ప్లాన్లు పట్టుకుని వచ్చేవాళ్లకి, స్టవ్ ఉన్న ముక్క నాలుగంగుళాలు దించండి, సింక్ ఉన్న ముక్క రెండు మూడు అంగుళాలు లేపండి అని చెబుతాను. గ్రానైట్ మూడు ముక్కలైతే చూడటానికి బాగోదని భర్తలు అంటుంటారు. రోజుకెన్ని గంటలు నిలబడతారండీ మీరక్కడ అని అడుగుతాను.

కొలతలు మన దగ్గర లేవన్న సాకు కూడా చెల్లదు. దేశమంతటా మనుషుల కొలతలు సేకరించి, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే పుస్తకంగా వేసింది. వాడే పద్ధతి కూడా కష్టమేమీ కాదు. ద్వారం ఎత్తు పొడుగువాళ్లని చూసి పెట్టాలి, షెల్ఫు ఎత్తు పొట్టివాళ్లని చూసి పెట్టాలి. ఇద్దరికీ కుదరనిచోట సర్దుకునే ఏర్పాటు ఇవ్వాలి.

అపోహ: వస్తువు బాగానే ఉంది, వాడటం రాక తప్పు చేస్తున్నారు

రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక, రన్‌వే మీదే పొట్ట ఆనించి కూలబడేవి. దిగాక రెక్కల ఫ్లాపులు, అంటే రెక్కల వెనక అంచున కిందకి వాలే పలకలు, ఎత్తాల్సిన పైలట్లు చక్రాలు లోపలికి లాగేస్తున్నారు. 'పైలట్ తప్పిదం' అని రాసి ఫైలు మూసేసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు వెళ్లి చూస్తే ఆ రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకి రెక్క ఆకారం తగిలించాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలుస్తుంది. ఈనాటికీ ప్రయాణికుల విమానాల్లో ఆ మీటల ఆకారాలు అలాగే ఉండాలని నిబంధన.

మీ ఇంట్లో నాలుగు బర్నర్ల స్టవ్ ఉంటే ఈ కథ రోజూ జరుగుతుంది. బర్నర్లు చదరంలో, నాబ్‌లు వరుసలో. ఏ నాబ్ దేనిదో పదేళ్లు వాడాక కూడా తడబడతాం, పాలు పొంగిపోతాయి. తిట్లు మాత్రం స్టవ్‌కి పడవు.

అపోహ: నిటారుగా, 90 డిగ్రీల్లో కూర్చోవాలి

గంటలకొద్దీ అలా కూర్చుంటే కండరాలు అలసిపోతాయి. కాస్త వెనక్కి వాలితే వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, అరగంటకోసారి లేవండి. నీళ్ల బాటిల్ బల్ల మీద పెట్టుకోకపోవడం నేను చెప్పే అతి చవకైన వైద్యం.

అపోహ: ఇబ్బంది ఉంటే వాళ్లే చెబుతారు కదా

చెప్పరు. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల మీదికి ఎదురుగా ఉన్న పుల్ల నుంచి దారాన్ని అటూ ఇటూ చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు కదలాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది, భుజం నొప్పీ వాళ్లదే. అది తరాలుగా ఎవరికీ సమస్యలా కనబడలేదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేసినవాడు. తల్లి లక్ష్మి పడే బాధ చూసి, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశారు, తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా రంగంలో చదువుకున్న మేమెవరం ఆ ఇంటి గుమ్మం తొక్కలేదని నాకు ఇప్పటికీ సిగ్గే.

నాకు ఇది తెలిసొచ్చింది ఒక పచ్చళ్ల ప్యాకింగ్ షెడ్డులో. కాలితో తొక్కే సీలింగ్ మెషీన్ దగ్గర నిలబడ్డావిడని "ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని అడిగాను. "ఏం లేదు సార్, అలవాటైపోయింది" అంది. ఓనర్ నా వంక విజయగర్వంతో చూశాడు. అక్కడే ఒక మూల కూర్చుని రెండు గంటలు చూశాను. పెడల్ నేలకి జానెడు ఎత్తులో ఉంది, అది కూడా కుడి కాలికే అందుతుంది. రోజంతా ఎడమ కాలి మీద నిలబడి కుడి కాలు ఎత్తి తొక్కాలి. నడుం ఒక పక్కకి ఒరగకుండా ఎడమ కాలి కింద ఇటుక పెట్టుకుంది. ఇటుక గురించి అడిగితే, ఎవరైనా తిడతారేమోనని కాలితో పక్కకి నెట్టబోయింది.

వెల్డర్‌ని పిలిపించి పెడల్ కిందకి దించి, ఏ కాలితోనైనా తొక్కేలా వెడల్పు చేయించాం. ఎత్తు స్టూలు ఒకటి వేయించాం. సాయంత్రానికి పనైపోయింది. ఆ మధ్య మళ్లీ వెళ్తే ఇటుక అక్కడే ఉంది. గాలికి షెడ్డు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.