మెదడుకు ఎగువన కండరం

"రోజూ నడిస్తే దిగులు తగ్గుతుందని డాక్టర్లు అంటారు గదా, కాళ్లు కదిలించడానికీ మెదడులోని కుంగుబాటుకూ ఏమిటి సంబంధం?" అని ఒక పాఠకురాలు అడిగారు. దీనికి చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఎండార్ఫిన్లు, అంటే నొప్పిని తగ్గించి హుషారునిచ్చే శరీర రసాయనాలు. అయితే రక్తంలోని ఎండార్ఫిన్లు పెద్ద అణువులు కావడం వల్ల మెదడులోకి సులభంగా చొరబడలేవు. పైగా పరుగు ముగిసిన కాసేపటికే చల్లారిపోయే హుషారు నెలల తరబడి వేధించే జబ్బును ఎలా తగ్గిస్తుందో ఆ జవాబు చెప్పదు. నన్ను ఆకట్టుకున్న వివరణ కండరంలోనే ఉంది.

పప్పులు, పాలు, గుడ్లలోని మాంసకృత్తులతో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మనకు అందుతుంది. మనఃస్థితితో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం తయారయ్యేది దీని నుంచేనని తరచూ చెప్పుకుంటాం కానీ, అటు మళ్లేది స్వల్పమే. శరీరం విచ్ఛిన్నం చేసే ట్రిప్టోఫాన్‌లో ఇంచుమించు 95 శాతం కైన్యురెనిన్ అనే పదార్థంగా మారే దారి పడుతుంది. ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోన్ కాలేయంలోనూ, ఇన్‌ఫ్లమేషన్ (శరీర రక్షణవ్యవస్థ కలిగించే వాపు) ఇతర కణాల్లోనూ ఈ దారిని ఉధృతం చేస్తాయి. కైన్యురెనిన్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అవరోధాన్ని దాటగలదు. దాటాక మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియా దానిని క్వినోలినిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది నాడీకణాలపై సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాలను మితిమీరి ప్రేరేపించి వాటికి హాని చేస్తుంది. హెపటైటిస్-సి చికిత్సకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన రోజుల్లో ఎందరో రోగులు కుంగుబాటుకు లోనయ్యారు. ఆ మందు రక్తంలో కైన్యురెనిన్‌ను పెంచుతుంది.

2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగం ఇక్కడే పనికొస్తుంది. వ్యాయామం వల్ల కండరంలో పెరిగే పీజీసీ-1ఆల్ఫా1 అనే ప్రోటీన్ జన్యుమార్పిడి ద్వారా ఎప్పుడూ ఎక్కువగా ఉండే ఎలుకలను వారు తయారుచేశారు. వాటినీ మామూలు ఎలుకలనూ వేళాపాళా లేని చప్పుళ్లతో, మిణుకుమనే దీపాలతో, తలకిందులైన రాత్రింబవళ్లతో 5 వారాలు వేధించారు. మామూలు ఎలుకల్లో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి, జన్యుమార్పిడి చేసిన వాటిలో లేవు. వాటికి నేరుగా కైన్యురెనిన్‌నే ఎక్కించినా రక్తంలో దాని మోతాదు పెరగలేదు. ఆ ప్రోటీన్ కండరంలో క్యాట్ (కైన్యురెనిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్) అనే ఎంజైములను పెంచుతుంది, అవి కైన్యురెనిన్‌ను కైన్యురెనిక్ ఆమ్లంగా మార్చేస్తాయి, ఈ ఆమ్లం మెదడు అవరోధాన్ని దాటలేదు.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను తలచుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. వాన ఒత్తిడి, వరద కైన్యురెనిన్, దిగువనున్న ఊరు మెదడు, ఎగువ చెరువు కండరం. పూడిక పేరుకున్న చెరువు వరదను ఆపలేదు. వ్యాయామం పూడిక తీయడం లాంటిది. వానను అది ఆపదు, అంటే జీవితంలోని ఒత్తిడి అలాగే ఉంటుంది, ఊరిమీద పడే నీరు మాత్రం తగ్గుతుంది. శరీర బరువులో దాదాపు 40 శాతం కండరమే కాబట్టి ఈ చెరువు చిన్నదేమీ కాదు. పోలిక ఒక్కచోట తప్పుతుంది: చెరువులో నీరు నీరుగానే ఉంటుంది, కండరంలో చేరినది మాత్రం వేరే పదార్థమైపోతుంది. పాఠ్యపుస్తకాలు కండరాన్ని ఎముకలను కదిలించే భాగంగా మాత్రమే పరిచయం చేసి, దాని రసాయన జీవితాన్ని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కుంగుబాటు ఉన్న ప్రతివారి రక్తంలోనూ కైన్యురెనిన్ పెరిగి కనిపించదు, కనుక ఇదొక్కటే కారణమనడం తప్పు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడం ఎంత అనర్థమో, "లేచి నడిస్తే అదే పోతుంది" అని రోగిని గద్దించడమూ అంతే. మనుషుల్లో ఫలితం మాత్రం నిజమే: అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 50 ఏళ్లు దాటిన 156 మంది రోగులపై జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 16 వారాల తర్వాత వ్యాయామం చేసినవారూ సెర్ట్రలీన్ అనే కుంగుబాటు మందు వాడినవారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. మందు త్వరగా పనిచేసింది. వాడుతున్న మందును సొంతంగా మానేయడానికి ఇది ఆధారం కాదు.

ఓర్పు అవసరమైన క్రీడల్లో సాధన చేసేవారి కండరాల్లో క్యాట్ ఎంజైములు అధికంగా ఉన్నట్టు 2016 నాటి ఒక అధ్యయనం చూపింది. 150 కిలోమీటర్ల సైకిల్ పందెం, హాఫ్ మారథాన్ ముగిసిన గంటకు వారి రక్తంలో కైన్యురెనిక్ ఆమ్లం గణనీయంగా పెరిగింది. ఎత్తు నుంచి పదేపదే దూకే తీవ్ర వ్యాయామంలో ఆ పెరుగుదల రాలేదు. పెరిగినది కూడా 24 గంటల్లో మామూలు స్థాయికి దిగిపోయింది, కాబట్టి ఆదివారం ఒక్కరోజే ఒళ్లు హూనం చేసుకోవడం కన్నా వారంలో పలుమార్లు ఓపికగా నడవడమే ఈ రసాయనానికి పొసగుతుందని నా అభిప్రాయం.